ఊరు అడగకూడని ఆస్పత్రి

నా జీవితంలో నేను ఆస్పత్రిలో పేషెంటుగా పడుకున్నది ఒక్కసారే. ఆ రోజు నా ఒంట్లో ఏ జబ్బూ లేదు. అయినా నన్ను చూడడానికి మా కుందారపల్లి ఊరంతా తరలివచ్చింది. హోసూరు రోడ్డు మీద బస్సులు నిలిచిపోయాయి. పోలీసులు వచ్చి దారి ఇప్పించారు.

పోలీసులు రాలేదు. బస్సులూ నిలవలేదు. ఒక బస్సు మాత్రం ఆగింది, అక్కడ దాని స్టాపు ఉంది కాబట్టి. వచ్చింది ఊరంతా కాదు, ఒక టెంపో నిండా జనం, అందులోనూ కొందరు హోసూరులో స్టీలు సామాను కొనుక్కోవడానికి ఎక్కినవాళ్ళు. నా పద్ధతే ఇది. పాలలో ముందు నేనే చెంబెడు నీళ్ళు పోస్తాను, తర్వాత నేనే కూర్చుని మరగకాస్తాను. చదివేవాళ్ళు కంగారు పడనక్కర్లేదు, చివరికి గిన్నెలో మిగిలేవి పాలే.

తొంభైల్లో నేను హోసూరు పారిశ్రామికవాడలో ఒక కంపెనీలో శిక్షణ విభాగానికి పెద్దగా ఉండేవాడిని. అంటే ఆ విభాగం గది తాళం నా దగ్గర ఉండేది. తలుపు తీయడం, కుర్చీలు వేయడం, ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ అద్దం తుడవడం, పాఠం చెప్పేవాడు తల ఊపినప్పుడు ప్లాస్టిక్ షీటు మార్చడం నా పనులు. చెప్పుకోవడానికి చిన్నవే. కానీ ఒక లాభం ఉంది. ముందు వరసలో కూర్చున్న ఇంజనీర్లు టీ దాకా మేలుకుని, టీ తాగాక నిద్రపోయేవాళ్ళు. షీట్లు మార్చేవాడికి నిద్రపోయే సౌకర్యం లేదు. కాబట్టి ఆ కంపెనీలో అన్ని పాఠాలూ పూర్తిగా విన్నది నేనొక్కడినే.

ఒకసారి బెంగళూరు నుంచి ఒకాయన వచ్చి, శిక్షణ ఎలా ఇవ్వాలో శిక్షణ ఇచ్చాడు. దానికి ఐదు మెట్లున్నాయట. మొదటిది అనాలిసిస్, ఎవరికి ఏం రాదో కనుక్కోవడం. రెండోది డిజైన్, ఏం నేర్పితే ఆ లోటు తీరుతుందో గీసుకోవడం. మూడోది డెవలప్‌మెంట్, దానికి కావలసిన పాఠాలూ పటాలూ తయారుచేయడం. నాలుగోది ఇంప్లిమెంటేషన్, కూర్చోబెట్టి నేర్పడం. ఐదోది ఎవాల్యుయేషన్, నేర్చుకున్నారో లేదో చూడడం. పెళ్ళి సంబంధం చూడడం నుంచి పెళ్ళయ్యాక ఆరు నెలలకు పిల్ల ఎలా ఉందో చూసి రావడం దాకా మనవాళ్ళు చేసేదీ ఇదే కదా అనిపించింది. ఆయన పోతూ షీట్లు మరిచిపోయాడు. తిరిగి పంపుదామని అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటూనే ఉన్నాను.

కొత్త శతాబ్దం వస్తూనే కంపెనీ మా వయసు వాళ్ళందరికీ స్వచ్ఛందంగా రిటైరయ్యే అవకాశం ఇచ్చింది. స్వచ్ఛందంగా కాకుండా ఉండే అవకాశం ఇవ్వలేదు. ఇంట్లో కూర్చుంటే బీపీ పెరిగింది. చూపించుకోవడానికి హోసూరులోని ఒక పెద్ద ఆస్పత్రికి వెళ్ళాను. ఏడంతస్తుల భవనం. సరే, రెండంతస్తులు, పైదానికి సగం ఇంకా పరంజా కట్టెలే.

ఆ ఆస్పత్రి సొంతదారైన డాక్టరు నా చేతికి పట్టీ చుట్టి గాలి కొడుతూ తన బాధ చెప్పుకున్నాడు. ఒక ఫ్యాక్టరీ వాళ్ళు తమ కార్మికులకు దెబ్బ తగిలితే ఇక్కడికే పంపుతామంటున్నారు. కానీ ఒప్పందం రాసుకునే ముందు వాళ్ళే వచ్చి చూస్తారట, గేటు దగ్గర దిగిన పేషెంటు ట్రాలీ మీద ఆగకుండా క్యాజువాల్టీకి చేరుతున్నాడా అని.

"పోయిన తడవ వచ్చి చూసినారప్పా," అన్నాడు డాక్టరు. "ఒకాయన్ను ట్రాలీ మీద తోసుకొని వస్తాంటే వరండాలో ఇరుక్కొనింది. ఆయనే దిగి, కుంటుకుంటా నడిచి, మా వాళ్ళకంటే ముందు లోపలికి పోయినాడు."

"మీ వాళ్ళకు శిక్షణ కావాల సార్," అన్నాను. "ఐదు మెట్ల పద్ధతి ఒకటి ఉండాది."

"నీకు తెలుసునా?"

"నేనే కదా సార్ కంపెనీలో చూపిస్తా ఉండింది." ఇది అబద్ధం కాదు. చూపించింది నేనే, ప్రొజెక్టర్లో.

అప్పుడు తలుపు దగ్గర హెడ్ సిస్టరు నిలబడి ఉంది. నలభై దాటిన మనిషి, సొంతూరు కల్లావి అని తర్వాత తెలిసింది. ఆ ఆస్పత్రి రెండు గదుల క్లినిక్కుగా ఉన్నప్పటి నుంచీ అక్కడే పనిచేస్తోంది. డాక్టరు ఆమె వైపు చూడకుండానే ఆమెకు వినిపించేట్టు అన్నాడు: "ఈ తడవ కూడా తప్పితే బెంగళూరు నుంచి ఒక మేనేజర్ను తెచ్చుకుంటాను. ఈయమ్మ చీటీలిచ్చే కౌంటర్లో కూర్చుంటాది. పైన గది మేనేజరుకు ఇయ్యాల."

ఆ గది సంగతి నాకు అప్పుడు తెలియదు. పరంజా లేని సగంలో, మెట్ల పక్కన ఒక గది హెడ్ సిస్టరుకు ఇచ్చారు. అందులో ఆమె, మోకాళ్ళు పట్టేసిన వాళ్ళమ్మ ఉండేవాళ్ళు. ఊళ్ళో ఇల్లు అప్పటికే చేయి దాటిపోయింది. ఉద్యోగం మారితే గది పోతుంది, గది పోతే ఆ ముసలామెను పెట్టుకోవడానికి చోటు లేదు. సిస్టరమ్మ నాతో ఒక్క మాటే అంది: "సార్, మీ మెట్లు ఐదో పదో నాకు తెలీదు. మా అమ్మ ఈ మెట్లు దిగి పోకుండా చూడండి, చాలు."

డాక్టరు ఆ పని నాకే అప్పగించాడు. మొదటి మెట్టు ఎక్కాను. ఒక్కొక్కరినీ పిలిచి, నీకు ఏం రాదు అని అడిగాను.

"నాకు అంతా వస్తాది సార్," అన్నాడు వాచ్‌మన్. "ఆయమ్మలకే ఏమీ రాదు."

"మాకు రానిది ఏముండాది?" అన్నారు వార్డు పనులు చేసే ఆయమ్మలు. "ఆ చిన్న సిస్టర్లకు నేర్పండి, ట్రాలీ యా పక్క తిప్పాలో తెలీదు వాళ్ళకు."

చిన్న సిస్టర్లు చిన్న డాక్టరును చూపించారు. చిన్న డాక్టరు కాసేపు ఆలోచించి, "వాచ్‌మన్" అన్నాడు. అనాలిసిస్ ఆస్పత్రంతా ఒక చుట్టు తిరిగి గేటు దగ్గరికే వచ్చి నిలిచింది.

ఇక లాభం లేదని వరండాలో బెంచీ మీద కూర్చుని చూడడం మొదలుపెట్టాను. అప్పుడు అర్థమైంది. మా పక్క ఒక మనిషి ఆస్పత్రిలో చేరాడంటే పేషెంటు ఒక్కడు చేరినట్టు కాదు. చూసి రావడం అని ఒక ధర్మం ఉంది. బ్రెడ్డు, బత్తాయిలు, ఎర్ర టవల్లో చుట్టిన ఎళనీరు కొబ్బరిబోండాలు పట్టుకుని ఊరు వస్తుంది. వచ్చి, పేషెంటు మంచం మీదే కూర్చుంటుంది. మంచం చాలకపోతే వరండాలో కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది. ఆ కాళ్ళ మీదుగా ట్రాలీ పోవాలి.

మరి వీళ్ళను బయటికి పంపలేరా అంటే, పంపడం మొదలుపెడతారు. వాచ్‌మన్ కర్ర తాటించుకుంటూ వచ్చాడు.

"ఏమప్పా, ఇంతమంది ఉండకూడదు ఈడ. లేయండి, లేయండి." గొంతు బాగానే ఉంది. లేవబోతున్నారు కూడా. అంతలో మనిషి కదా, ఊరుకోలేక అడిగాడు: "యా ఊరు మీది?"

"పోచంపల్లి పక్కన." చీరల పోచంపల్లి కాదు, మా పక్క సంత జరిగే పోచంపల్లి.

"పోచంపల్లి పక్కన యాడ? మా చిన్నక్కను ఆడనే కదా ఇచ్చిండేది."

"ఎవరింటికప్పా?"

చెప్పాడు.

"అట్లయితే నువ్వు మాకు బామ్మర్ది కావాలే."

వాచ్‌మన్ లోపలికి పోయి బావగారి కోసం స్టూలు తెచ్చాడు. ఆ స్టూలు చిన్న డాక్టరుది. కాసేపటికి ఒక ఆయమ్మ మరో గుంపును లేపడానికి వచ్చి, అదే ప్రశ్న అడిగి, వాళ్ళ పక్కనే కూర్చుని వక్కాకు వేసుకుంది. సూదిమందు వేయడానికి పోయిన చిన్న సిస్టరు ఎంతకీ రాకపోతే పోయి చూశాను. పేషెంటు అవ్వ ఆమె జడ విప్పి దువ్వుతోంది. తెలుగులో అడిగినా, తమిళంలో అడిగినా, కన్నడంలో అడిగినా అదే ప్రశ్న, అదే ఫలితం. మూడు మాటల్లో చుట్టరికం, నాలుగో మాటకు స్టూలు.

ఆ రోజు నేను శిక్షణా శాస్త్రంలోనే ఎవరూ కనుక్కోనిది కనుక్కున్నాను. ఎవరైనా కనుక్కునే ఉంటారేమో, నేను చదివిన షీట్లలో మాత్రం లేదు. ఈ ఆస్పత్రిలో నేర్పవలసింది ఏమీ లేదు. మరిపించవలసింది ఒకటుంది.

రెండో మెట్టు డిజైన్. షీటులో ఉన్నట్టే లక్ష్యం రాశాను: శిక్షణ ముగిసేసరికి ప్రతి ఉద్యోగీ, ఊరు పేరు అడగకుండా, పేషెంటు బంధువును మర్యాదగా బయటికి పంపగలుగును. డాక్టరుకు అది ఎంత నచ్చిందంటే మూడు భాషల్లో బోర్డు రాయించి డ్యూటీ రూములో గోడకు కొట్టించాడు: ఊరు అడగకూడదు.

సిస్టరమ్మ ఆ బోర్డు కింద నిలబడి చాలాసేపు చదివింది.

"ఊరు అడక్కుండా మనిషితో ఎట్ల మాట్లాడేది సార్? పోచంపల్లి సంతలో గొర్రెను కూడా యా ఊరిదని అడిగే కదా బేరం పెడతారు."

"గొర్రెను కొనుక్కుంటారమ్మా. ఈడ మనం పంపించాల."

"అదే కదా. యా ఊరికి అని పంపేది?"

నేను మూడో మెట్టు ఎక్కేశాను. ఊరు అడిగేచోట అనవలసిన వాక్యం తయారుచేశాను: దయచేసి బయట కూర్చోండి. తమిళంలోకి, కన్నడంలోకి మార్పించాను. పెదాల మీద వేలు పెట్టుకున్న మనిషి బొమ్మ నా చేత్తోనే గీశాను. చూసినవాళ్ళంతా అచ్చం ప్రాణంతో ఉన్నట్టుందన్నారు. పుల్లతో పళ్ళు కుట్టుకుంటున్నవాడి బొమ్మ ఎందుకు పెట్టారు అని కూడా అన్నారు.

నాలుగో మెట్టు పరంజా మధ్యలో, సిమెంటు బస్తాల మీద జరిగింది. వాచ్‌మన్ బంధువుగా నటించాలి, ఆయమ్మ అతన్ని పంపించాలి.

"దయచేసి బయట కూర్చోండి," అంది ఆయమ్మ.

"కూర్చోను," అన్నాడు వాచ్‌మన్. అతనికి నటన వచ్చేసింది.

ఆయమ్మ నా వైపు తిరిగింది. "ఇంకేం చెప్పేది సార్?"

"మళ్ళీ అదే చెప్పు."

"దయచేసి బయట కూర్చోండి."

"కూర్చోను పో."

"చూడండి సార్. ఊరు అడగకూడదంటారు. ఊరు తెలీకుండా మనిషిని తిట్టేది మాత్రం ఎట్ల? నీ ఊళ్ళో ఇదేనా మర్యాద అనేదానికి ఊరన్నా ఉండాల కదా."

అయినా పట్టు వదలలేదు. కొన్నాళ్ళకు అందరూ ఊరు అడగడం మానేశారు. దాంతో మాటే మానేశారు. ఆస్పత్రి అంతా మూగనోము పట్టినట్టయింది. ఒక పేషెంటు నన్ను పిలిచి మెల్లగా అడిగాడు: "ఏమప్పా, వీళ్ళందరికీ మా మీద ఏమైనా కోపమా? లేకపోతే నా జబ్బు అట్లాంటిదా?" వరండాలో జనం మాత్రం తగ్గలేదు. ఎవరూ పలకరించడం లేదు కాబట్టి ఎవరైనా పలకరించేదాకా కూర్చుందామని కూర్చున్నారు.

ఫ్యాక్టరీ వాళ్ళు వచ్చే రోజు రానే వచ్చింది. వాళ్ళు మధ్యాహ్నం వస్తారు, ఉత్తుత్తి పేషెంటుతో చేసి చూపించమన్నారు. ఉదయం ఒకసారి మేము చేసి చూసుకోవాలి. పేషెంటుగా ఎవరు పడుకోవాలంటే అందరూ ముక్తకంఠంతో నా పేరు చెప్పారు, నా ముఖంలో ఉన్న గాంభీర్యం చూసి. అసలు సంగతి, ట్రాలీ ముందు చక్రం వంకర. బరువైనవాళ్ళు పడుకుంటే ఒక పక్కకే పోతుంది. ఆ ఆస్పత్రిలో అందరికంటే తేలిక నేనే, పైగా ఇంకో పని లేనివాడూ నేనే. తలకు పెద్ద కట్టు కట్టి, దాని మీద ఎర్రమందు పోశారు. ఆస్పత్రి వ్యానులో పడుకోబెట్టి గేటు దగ్గర దించారు.

వరండాలోకి వచ్చేసరికి ట్రాలీ నిలిచింది. "దయచేసి బయట కూర్చోండి," అంది చిన్న సిస్టరు. ఒక పెద్దాయన ఒక కాలు ముడుచుకున్నాడు. రెండోది ముడవలేదు.

"ఎవరిదప్పా ఈ కేసు?" అని ఒకామె అడిగింది.

"ఎవరూ లేరే వెంట," అంది పక్కామె. "ఎవరూ లేకుండా వచ్చినాడంటే అర్జెంటు కాదులే. ఎక్స్‌రే తీసేదానికి పోతాండాడేమో."

మంచినీళ్ళ డ్రమ్ము దగ్గర ట్రాలీ పూర్తిగా ఇరుక్కుంది. డాక్టరు తన గది తలుపులోంచి చూశాడు. సిస్టరమ్మ వైపు ఒక్కసారి చూసి తలుపు వేసుకున్నాడు. ఆమె నా కట్టు సర్దుతున్నట్టు వంగింది. "మధ్యాన్నం కూడా ఇట్లే అయితే మా అమ్మకు నేను ఏం చెప్పేది సార్?" అంది. కట్టు వదులుగా ఏమీ లేదు.

ఆ గుంపులో మా కుందారపల్లి మనిషి ఒకడు ఉన్నాడని నేను చూడలేదు. అతను నన్ను చూశాడు. వాచ్‌మన్ దగ్గరికి పోయి అడిగాడు: "ఆ తలకు దెబ్బ తగిలిన ఆయప్పది కుందారపల్లి కదా?"

మామూలు రోజైతే వాచ్‌మన్, ఏమోనప్పా, ఇది ఊరికే ఆట, నాటకం అని చెప్పి, నీదీ ఆ ఊరేనా అని స్టూలు తెచ్చేవాడు. కానీ అతను శిక్షణ పొందినవాడు. గోడ మీది బోర్డు గుర్తు తెచ్చుకుని, బిగుసుకుపోయి, "ఊరి మాట ఈడ మాట్లాడకూడదు" అన్నాడు.

ఊరు కూడా చెప్పడం లేదంటే చేయి దాటిపోయిందని మా ఊరి మనిషి అనుకున్నాడు. నేనైనా అదే అనుకుంటాను. అతను రోడ్డు దాటి కాయిన్ ఫోను దగ్గరికి పరుగెత్తాడు.

ఇదేమీ తెలియని నేను కట్టు విప్పమంటే, మధ్యాహ్నం మళ్ళీ కట్టాలి కదా, ఉండనీ అన్నారు. సిస్టరమ్మ పెరుగన్నం తెచ్చి పెట్టింది. తిన్నాను. వ్యానులో నీడగా ఉంటే పడుకున్నాను. తర్వాత ఫ్యాక్టరీ వాళ్ళిద్దరూ వచ్చి గేటు దగ్గర రాసుకునే అట్టలు పట్టుకుని నిలబడినప్పుడు, స్పృహ తప్పిన మనిషిని నేను నటించిన తీరు చూడాలి. కనురెప్ప కదలలేదు. గొంతులో ఆ గురగుర, ఛాతీ ఎగిరిపడడం, ఏ నాటకాల కంపెనీలోనూ చూడలేరు.

నిద్రపోయాను. ఆ గురగుర నా గురక. వ్యానులోంచి ట్రాలీ మీదికి దించింది కూడా తెలియలేదు.

కళ్ళు తెరిచేలోపే ఏడుపు వినిపించింది. మా వదిన గొంతు. మా అన్న భార్య, కుందారపల్లి నుంచి టెంపో కట్టించుకుని, అందరికంటే ముందు దిగింది.

"ఊపిరి చూడండ్రా, ఎట్ల తీస్తాండాడో. మరిదీ, కన్ను తెరువప్పా. మొన్న కదప్పా వచ్చి మా ఇంట్లో రాగి ముద్ద తినిపోతివి. ఉప్పు తక్కువైందంటివి. ఇంకెవరికి చెయ్యాలప్పా నేను ముద్ద."

నేను లేచి కూర్చుంటే ఫ్యాక్టరీ వాళ్ళు చూస్తుండగానే ఆట సగంలో ఆగిపోతుంది. సిస్టరమ్మ గది పోతుంది. లేవకపోతే మా వదిన గుండె ఆగేలా ఉంది. మధ్యేమార్గంగా ఆమెకు మాత్రం కనిపించేట్టు ఒక కన్ను కొట్టాను.

"కన్ను అదురుతాంది," అంది వదిన. "ఫిట్స్ కూడా వస్తాంది."

దాంతో టెంపో మొత్తం ఏడుపు ఎత్తుకుంది, స్టీలు సామానుకు వచ్చినవాళ్ళతో సహా. వాచ్‌మన్ అడ్డం వచ్చి దయచేసి బయట కూర్చోండి అని మూడు భాషల్లోనూ చెప్పాడు. మా చిన్నాన్న కొడుకు అతని కర్ర పట్టుకుని ఆపి, "ఎవురప్పా నువ్వు, ఇట్లాంటప్పుడు బయట కూర్చోమంటావు? యా ఊరు నీది?" అన్నాడు.

నా ఐదు మెట్లలో ఎక్కడా దీనికి జవాబు లేదు. ఆస్పత్రివాళ్ళు ఊరు అడగకూడదు అని రాశాను. అవతలివాళ్ళు అడిగితే ఏం చేయాలో రాయలేదు. వాచ్‌మన్ ఒక్క క్షణం బోర్డున్న గది వైపు చూశాడు. తర్వాత ఊరు చెప్పేశాడు. రెండో మాటకే నేను అతనికి మేనమామ వరసని తేలింది. వాచ్‌మన్ కర్ర పక్కన పడేసి, "అయ్యో, మామా" అని ట్రాలీ పట్టుకున్నాడు.

సిస్టరమ్మ ట్రాలీకి ముందు నిలబడి ఉంది. సగం తెరిచిన కంటితో నేను ఆమెనే చూస్తున్నాను. నియమం ప్రకారం ఆమె వీళ్ళందరినీ గేటు దగ్గరే ఆపాలి. ఆమె నా వైపు చూసింది. పైన మెట్ల గది వైపు చూసింది. ఫ్యాక్టరీ వాళ్ళ అట్టల వైపు చూసింది.

"చూస్తా నిలబడితే ఎట్ల?" అంది మావాళ్ళతో. "అందరూ పట్టుకోండి. తోయండి."

తోశారు. రథం కదిలినట్టు కదిలింది ట్రాలీ. వంకర చక్రం ఒక పక్కకు పోతానంటే ఆ పక్కన ఉన్న నలుగురూ నడుముతో అడ్డుకున్నారు. వెనక ఏడుపు, ముందు సిస్టరమ్మ. వరండాలో ఉదయం ఒక కాలు మాత్రమే ముడిచిన పెద్దాయన లేచి నిలబడ్డాడు. "ఎంతమంది వచ్చినారో చూడు, పాపం," అంది ఒకామె. "బాగా కావాల్సిన మనిషే అయ్యుండాల." ఉదయం నేను ఎక్స్‌రేకు పోతున్నానన్నామె పిల్లవాణ్ణి చంకనేసుకుని గోడకు అంటుకుంది. ఎవరో మంచినీళ్ళ డ్రమ్మును కౌగిలించుకుని పక్కకు లాగేశారు. యూనిఫాం వేసుకున్నవాడు చెబితే ముడవని కాళ్ళన్నీ, ఏడుస్తున్నవాడు వస్తుంటే వాటంతట అవే ముడుచుకున్నాయి. క్యాజువాల్టీ తలుపు నా తలకు తగలబోయి తెరుచుకుంది.

ఇద్దరు ఫ్యాక్టరీ వాళ్ళూ కాసేపటికి చేరుకున్నారు. మా ఊరివాళ్ళ మధ్యలోంచి దూరి రావడానికి వాళ్ళకే ఎక్కువసేపు పట్టింది. ఒకాయన చెమట తుడుచుకుంటూ డాక్టరు చేయి పట్టుకుని ఊపాడు. బంధువులను కూడా ఏర్పాటు చేస్తారని మేము అనుకోలేదు అన్నాడు. మా ఫ్యాక్టరీలో డ్రిల్లు చేస్తే ఎవరూ ఏడవరండీ, నవ్వుతారు. మీ వాళ్ళ ఏడుపు ఎంత సహజంగా ఉంది అన్నాడు. డాక్టరు మొదట అర్థం కానట్టు చూసి, వెంటనే అర్థమైనట్టు తల ఊపాడు. "మా ట్రైనింగ్ అట్లాంటిది," అని, అన్నీ ప్లాన్ చేసింది ఈయనే అని ట్రాలీ మీద ఉన్న నన్ను చూపించాడు.

రెండో ఆయన నా మీదికి వంగి, మీ ఎవాల్యుయేషన్ పద్ధతి ఏమిటని ఇంగ్లీషులో అడిగాడు. నేను కట్టుతోనే, పడుకునే, షీట్లలో ఉన్నదంతా ఇంగ్లీషులో చెప్పాను. తలుపు సందులోంచి వింటున్న మా వదిన వెనక్కి తిరిగి అందరికీ చెప్పింది: "మెదడుకే తగిలింది. ఇంగ్లీషు మాట్లాడతాండాడు."

ఫ్యాక్టరీ వాళ్ళు వెళ్ళిపోయాక నేను కట్టు విప్పి వదినకు తల చూపించాను. దెబ్బ కోసం రెండు పక్కలా వెతికింది. లేదు. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు, కానీ గట్టిగా ఒక మాట చెప్పింది.

"ఏమీ లేదని మాత్రం ఊళ్ళో చెప్పొద్దు మరిదీ. ఇంతమందిమి వచ్చినాము, బ్రెడ్డు తెచ్చినాము, బత్తాయిలు తెచ్చినాము. గుండ్రాయిలాగుండే మనిషిని చూసేదానికి వచ్చినారంటే మా మర్యాద ఏం కావాల? తగిలింది. చిన్న దెబ్బే. మానిపోయింది. అంతే." అని తనే ఆ కట్టు తీసుకుని మళ్ళీ నా తలకు చుట్టింది. సిస్టర్లకంటే బిగువుగా చుట్టింది.

అందుకే ఇప్పటికీ కుందారపల్లికి పోతే తల ఎట్లుండాదప్పా అని అడుగుతారు. ఫరవాలేదు, మబ్బు పట్టినప్పుడు కొంచెం నొస్తాది అంటాను. ఈమధ్య నిజంగానే నొస్తోంది.

ఆ సాయంత్రం డాక్టరు క్యాజువాల్టీలోకి వచ్చి, సిస్టరమ్మతో, "మేనేజరు మాట ఇంక వద్దులే. గది తాళం నీ దగ్గరే పెట్టుకో," అన్నాడు. ఆమె సరే సార్ అంది. ఆయన పోయాక తాళంచెవిని కొంగుకు ముడేసుకుంది. మా వదిన బత్తాయి ఒలిచి సగం నా నోట్లో, సగం ఆమె చేతిలో పెట్టింది.

"నీది యా ఊరమ్మా?"

సిస్టరమ్మ అలవాటుగా నా వైపు చూసింది. నేను కట్టు కళ్ళ మీదికి లాక్కున్నాను.

"కల్లావి," అంది.

"కల్లావిలో ఎవరింటి పిల్లవి?"

ఆమె చెప్పింది. వదిన బత్తాయి తొక్కలు కింద పెట్టేసింది. "అయితే మీ అవ్వా, మా అమ్మా అక్కచెల్లెళ్ళ బిడ్డలు కదమ్మా. మీయమ్మ నాకు అక్క కావాల. యాడుండాది ఇప్పుడు? చూసి ఎన్నేండ్లయిందో."

"ఈడనే. పైన."

ఆ ముసలామెను ఇద్దరు ఆయమ్మలు చెరొక పక్క పట్టుకుని మెట్లు దింపారు. ఆ మెట్లు ఆమె దిగి పోకూడదని ఇంత చేశాము కానీ, దిగి రావడం వేరు. ఆ ముసలామే, మా వదినా ఒకరి గడ్డం ఒకరు పట్టుకుని, చనిపోయినవాళ్ళ పేర్లన్నీ తలచుకుని, నా ట్రాలీ మీదే కూర్చున్నారు. నేను కాళ్ళు ముడుచుకోవలసి వచ్చింది.

సిస్టరమ్మ వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంది. "అంటే ఈయమ్మ నాకు చిన్నమ్మ. ఈయమ్మకు మరిదంటే మీరు నాకు చిన్నాయన అవుతారు."

"అవుతానేమో."

"కుందారపల్లి అని ముందే చెప్పింటే ఏమి?"

"నువ్వు అడగలేదు కదమ్మా."

"అడగొద్దని గోడ మీద కొట్టించింది ఎవరు?"

ఇంతలో వరండాలో గంట కొట్టారు. ఆమె చీర కొంగు సర్దుకుంది. ముఖం మళ్ళీ హెడ్ సిస్టరు ముఖమైపోయింది. శిక్షణ పొందిన వాళ్ళందరిలో, చుట్టమని తెలిశాక కూడా చుట్టాన్ని బయటికి పంపగలిగింది ఈమె ఒక్కతే. నా ఐదో మెట్టుకు ఉన్న రుజువు ఆ ఒక్కటే.

"విజిటింగ్ టైం అయిపోయింది చిన్నాయనా," అంది. "వాళ్ళిద్దరూ మాట్లాడుకోనీ. మీరు దయచేసి బయట కూర్చోండి."

తలకట్టుతోనే పోయి వరండాలో కూర్చున్నాను. ఒక పెద్దాయన జరిగి చోటిచ్చి, యా ఊరప్పా మీది అన్నాడు.